పండగ చెట్టు: కుండీలోదా, అట్టపెట్టెలోదా

డిసెంబరు మొదటి వారానికల్లా బెంగళూరులో రెండు రకాల క్రిస్మస్ చెట్లు అమ్మకానికి వస్తాయి. శివాజీనగర్‌లో రస్సెల్ మార్కెట్ చుట్టుపక్కల, కమర్షియల్ స్ట్రీట్ సందుల్లో, మాల్స్‌లో దొరికేవి అట్టపెట్టెల్లో మడిచిపెట్టిన ప్లాస్టిక్ చెట్లు. లాల్‌బాగ్ దగ్గర సిద్దాపుర నర్సరీల్లో వరసగా నిలబెట్టేవి కుండీల్లో పెరిగిన అరకేరియా మొక్కలు. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి ఉద్యోగాలకొచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు క్రైస్తవ కుటుంబాల్లోనూ, పిల్లల సరదా కోసం చెట్టు పెట్టుకునే ఇతర ఇళ్లలోనూ ఈ నెలలో ఒక వాదన నడుస్తుంది. ప్లాస్టిక్ చెడ్డది కాబట్టి మొక్కే కొనాలని ఒకరంటారు. ఏటా ఒక మొక్కను తెచ్చి చంపేకంటే ప్లాస్టిక్ చెట్టు ఒక్కటి కొని దాచుకోవడం మేలని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఏ నిజం ఎంత బరువైనదో తూచాలంటే కొంత రసాయన శాస్త్రం, అంతకంటే ఎక్కువ వృక్షశాస్త్రం కావాలి.

ఈ వాదన పుట్టింది చలిదేశాల్లో. అక్కడ అసలు చెట్టంటే నరికి తెచ్చిన ఫర్ చెట్టో స్ప్రూస్ చెట్టో. జర్మన్ ఇళ్ల ఆచారం అది. 1848లో ఒక లండన్ పత్రిక విక్టోరియా రాణి కుటుంబం అలాంటి చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ అచ్చువేశాక ఇంగ్లండంతా పాకింది. అమెరికాలో ఇప్పుడు ఏటా రెండున్నర కోట్ల దాకా చెట్లు ఇందుకోసమే పొలాల్లో పండిస్తారు. ఆరడుగుల చెట్టు తయారవడానికి 7 నుంచి 10 ఏళ్లు పడుతుంది, నరికిన చోట మళ్లీ నాటుతారు. బెంగళూరులో ఆ చెట్లు పెరగవు. ఫర్, స్ప్రూస్‌లు చలికాలమంతా నిద్రపోయే చెట్లు. వారాల తరబడి గట్టి చలి తగిలితే తప్ప వాటి మొగ్గలు వసంతంలో సరిగా విచ్చుకోవు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్నా, డిసెంబరు రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 16 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మన దేశంలో ఆ చెట్ల చోటు హిమాలయాల్లో, 2000 మీటర్లకు పైన. కాబట్టి ఇక్కడ మనం కొనే ‘అసలు చెట్టు’ నరికిన చెట్టు కాదు, వేళ్లతో ప్రాణంతో ఉన్న ఒక ఉష్ణమండలపు మొక్క. జనవరి ఆరో తేదీన నక్షత్రం దించేసినా దాని బతుకు ఇంకా వందేళ్లుండొచ్చు. ఈ ఒక్క తేడా వల్ల చలిదేశాల జవాబులు మనకు సగమే పనికొస్తాయి.

ఆ సగం ఏమిటో ముందు చూద్దాం. ఒక వస్తువు ముడిసరుకు దగ్గర్నుంచి చెత్తకుప్ప దాకా గాలిలోకి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో లెక్కగట్టే పద్ధతిని జీవితచక్ర మదింపు అంటారు. కెనడాలోని మాంట్రియల్‌లో ఎలిప్సోస్ అనే సంస్థ 2009లో క్రిస్మస్ చెట్లకు ఈ లెక్క కట్టింది. నరికిన చెట్టు ఏడాదికి 3.1 కిలోలు. ప్లాస్టిక్ చెట్టు మొత్తం జీవితానికి 48 కిలోలు. ఆరేళ్లు వాడి పారేస్తారనుకుంటే ఏడాదికి 8.1 కిలోలు. ప్లాస్టిక్ చెట్టు గెలవాలంటే ఇరవై ఏళ్లకు పైగా వాడాలని వాళ్లు తేల్చారు. 2018లో అమెరికాలో వచ్చిన మరో లెక్క మాత్రం అయిదేళ్లు వాడితే చాలంది. ఆ రెండో లెక్కకు డబ్బు పెట్టింది కృత్రిమ చెట్ల వ్యాపారుల సంఘం. ఇలాంటి అంకెలు చదివేటప్పుడు ఖర్చు ఎవరు భరించారో చూడటం పాఠకుడి హక్కు. అయినా తేడా అంతా ఆ డబ్బు వల్లనే రాలేదు. నరికిన చెట్టును పండగయ్యాక ఏం చేస్తారన్న దాని మీద లెక్క తలకిందులవుతుంది. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ లెక్క ప్రకారం రెండు మీటర్ల చెట్టును కాల్చినా, ముక్కలు చేసి నేలలో పరిచినా 3.5 కిలోలతో పోతుంది. అదే చెట్టును చెత్తగుట్టలో పూడిస్తే 16 కిలోలు. గాలి చొరబడని చోట కలప కుళ్లితే మీథేన్ పుడుతుంది. నూరేళ్ల వ్యవధిలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. చెట్టు అదే, పండగ అదే. చివరి మజిలీ మారితే అంకె నాలుగున్నర రెట్లు మారింది.

ఈ కిలోల గురించి మరీ బెంగపెట్టుకోనక్కర్లేదని కూడా చెప్పాలి. ఒక లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పండక్కి బెంగళూరు నుంచి గుంటూరుకు కారులో వెళితే సుమారు 650 కిలోమీటర్లు, లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన 43 లీటర్లు. అంటే పోవడానికే 100 కిలోలు. ప్లాస్టిక్ చెట్టు జీవితమంతా కలిపినా దానిలో సగం. వాతావరణం కోసమే ఆలోచించేవాళ్లు చెట్టు సంగతి పక్కనపెట్టి రైలు టికెట్టు చూసుకోవడం మేలు. చెట్టు ఎంపికలో నాకు ముఖ్యంగా కనిపించేవి కార్బన్ లెక్కలో పడని విషయాలు.

మొదటిది, నరికితే తప్పులేని చెట్టు మనకూ ఒకటుంది. కోస్తా ఊళ్లలో క్రిస్మస్ చెట్టంటే చాలాకాలం సరుగుడు కొమ్మే. బకెట్లో తడి ఇసుక నింపి, నిటారుగా ఉన్న కొస ఒకదాన్ని గుచ్చి, మంచుకు బదులు దూది అంటించి, రంగు కాగితాల గొలుసులు వేలాడదీసేవాళ్లు. వేటపాలెం నుంచి నెల్లూరు దాకా ఇసుక నేలల్లో సరుగుడు పంట. మూడు నుంచి అయిదేళ్లలో కోతకొస్తుంది. మొదలు కాగితపు మిల్లుకి, బాదులు కట్టడం పనికి, కొసలూ రెమ్మలూ పొయ్యిలోకి పోతాయి. అంటే పండక్కి తెచ్చుకునే కొమ్మ కోసం ఎవరూ ప్రత్యేకంగా చెట్టు కొట్టరు, అది కోతలో మిగిలే భాగం. అది గాలి నుంచి తీసుకున్న కార్బన్ కూడా నిన్నమొన్నటి మూడు నాలుగేళ్లది, కాలిస్తే తిరిగి గాలిలోకే చేరుతుంది. తీరం వెంట ఉప్పెనకు అడ్డంగా పెంచిన రక్షణ తోటల్లోంచి మాత్రం కొమ్మ విరచకూడదు. 1977 దివిసీమ ఉప్పెన చూసిన జిల్లాల వాళ్లకు ఆ తోటల విలువ విడిగా చెప్పక్కర్లేదు.

చూపుకి పైన్ చెట్టులా ఉన్నా సరుగుడు ఆ కుటుంబానిది కాదు. అది పూలు పూసే మొక్క, ఓక్, అక్రోటు చెట్లకు దగ్గరి వర్గం. మనం సూదులనుకునేవి ఆకులే కావు, సన్నటి కాండాలు. ఒక సూదిని రెండు చేతులతో పట్టి లాగితే కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. ఆ కణుపు చుట్టూ భూతద్దంలో చూస్తే ఏడెనిమిది చిన్న పొలుసులు కనిపిస్తాయి. అసలు ఆకులు అవి. నీరు ఆవిరైపోకుండా ఆకును అంత కుదించుకుని, ఆహారం తయారుచేసే పనిని కాండానికి అప్పగించింది. వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని చెట్టుకి అందిస్తుంది. ఉత్త ఇసుకలో కూడా అది నాలుగేళ్లకు కోతకు రావడానికి కారణం అదే. బెంగళూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ వంటచెరకు కోసం, కట్టడం బాదుల కోసం రైతులు దీన్ని పెంచుతారు. బాదులు అమ్మే అడితిలో ముందుగా చెప్పి ఉంచితే పచ్చి కొస దొరుకుతుంది. తడి ఇసుకలో పది రోజులు పచ్చగానే ఉంటుంది. ఎండాక అంటుకుంటే క్షణాల్లో మండుతుంది కాబట్టి దగ్గర్లో కొవ్వొత్తి పెట్టకూడదు. పండగయ్యాక ముక్కలు చేసి కంపోస్టులో వేస్తే సరి. ఊళ్లో ఉన్నవాళ్లకు జనవరి రెండో వారంలో భోగిమంట ఎలాగూ ఉంది.

ఇక అట్టపెట్టెలోని చెట్టు. బజారులో చవగ్గా దొరికే వాటి ఆకులు పాలీవినైల్ క్లోరైడ్, అందరూ పీవీసీ అనేది. పలుచటి రేకును సన్నటి పోగులుగా కోసి, రెండు ఇనుప తీగెల మధ్య పెట్టి మెలితిప్పితే కొమ్మ తయారవుతుంది. పీవీసీ బరువులో సుమారు 57 శాతం క్లోరిన్. పాలిథీన్ సంచికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఈ క్లోరినే. దానివల్ల పీవీసీ తనంతట తాను సులభంగా అంటుకోదు, అది మంచిదే. బలవంతాన మంటలో వేసి కాలిస్తే మాత్రం హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరీ, తక్కువ వేడిలో పొగతో పాటు డయాక్సిన్లూ వస్తాయి. పాత ప్లాస్టిక్ చెట్టును చలిమంటలో వేయడం ఎవరూ చేయకూడని పని.

క్లోరిన్ కంటే ముందు మాట్లాడాల్సిన లోహం ఒకటుంది. పీవీసీకి ముడిసరుకైన వినైల్ క్లోరైడును ప్రపంచంలో ఎక్కువ చోట్ల పెట్రోలియం నుంచి వచ్చే ఇథిలీన్‌తో చేస్తారు. చైనాలో బొగ్గు ఎక్కువ, చమురు తక్కువ. అక్కడ సున్నాన్నీ కోక్ బొగ్గునూ విద్యుత్ కొలిమిలో 2000 డిగ్రీల దాకా వేడిచేసి కాల్షియం కార్బైడ్ చేస్తారు. మన దగ్గర మామిడికాయలు మాగబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడు అదే. దానిమీద నీళ్లు పోస్తే ఎసిటిలీన్ వస్తుంది. ఎసిటిలీన్‌కు హైడ్రోజన్ క్లోరైడు కలిపి వినైల్ క్లోరైడుగా మార్చేటప్పుడు ఉత్ప్రేరకంగా వాడేది పాదరసపు లవణం. లోకంలో మనుషులు వాడే పాదరసంలో ఈ పరిశ్రమ వాటా చాలా పెద్దది. 2013లో దేశాలు ఒప్పుకుని 2017లో అమల్లోకొచ్చిన మినమాటా ఒప్పందం, ఒక్కో టన్ను ఉత్పత్తికి వాడే పాదరసాన్ని 2010తో పోలిస్తే 2020 నాటికి సగానికి తగ్గించాలని నిర్దేశించింది. ప్రపంచపు క్రిస్మస్ అలంకరణ సామగ్రిలో ఎక్కువ భాగం చైనాలోని జజియాంగ్ రాష్ట్రంలో ఈవూ పట్నం నుంచే వస్తుంది. మన చేతిలోని చెట్టు ఏ దారిన తయారైందో పెట్టె మీద రాసి ఉండదు. రంగు, ఎత్తు, కొమ్మల సంఖ్య మాత్రం రాస్తారు.

ఇంట్లోకొచ్చాక ఉన్న ముప్పు అంత పెద్దది కాదు, కానీ ఉంది. పీవీసీ ఎండకూ వేడికీ విరిగిపోకుండా ఉండటానికి స్థిరీకరణ పదార్థాలు కలుపుతారు. చవక సరుకులో చాలాకాలం అది సీసమే. 2004లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం ఆషెవిల్ శాఖ పరిశోధకులు కృత్రిమ చెట్ల నుంచి రాలే సీసం మీద ఒక వ్యాసం ప్రచురించారు. చెట్టు పాతబడి పెళుసెక్కే కొద్దీ దుమ్ముగా రాలుతుంది. అందుకని విప్పినప్పుడూ మడిచినప్పుడూ చేతులు కడుక్కోవాలి, కింద నేల తడిగుడ్డతో తుడవాలి, పాకే పిల్లల నోటికి రెమ్మలు అందకుండా చూడాలి. అటక మీద వేడికి మగ్గబెట్టకుండా నీడన దాచితే ఎక్కువ కాలం పెళుసెక్కదు.

ఈ చెట్టు చివరికి ఏమవుతుంది? బెంగళూరు ఈ ప్రశ్నకు కష్టపడి జవాబు నేర్చుకున్న ఊరు. 2012లో మావళ్లిపుర చెత్తగుట్ట మూతపడి వీధుల్లో చెత్త పేరుకుపోయింది. మండూరు గ్రామస్థులు తమ ఊరి మీద నగరపు చెత్త పోయొద్దని పోరాడి 2014 చివరికి ఆపించారు. అప్పటినుంచే తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడం ఇక్కడ ఇంటింటి మాట అయింది. వార్డుల్లోని పొడి చెత్త కేంద్రాల్లో మనుషులు చేత్తో ఏరి, అమ్ముడుపోయేదాన్ని విడదీస్తారు. నీళ్ల సీసాకు ధర ఉంది, అట్టకు ధర ఉంది, పాల ప్యాకెట్టుకూ ఉంది. ఇనుప తీగకు మెలితిరిగిన పీవీసీ పోగులకు కొనేవాడు లేడు. పైగా నీళ్ల సీసాల ప్లాస్టిక్‌లో పిసరంత పీవీసీ కలిసినా కరిగించేటప్పుడు ఆ సరుకంతా పాడవుతుంది. మిగిలిపోయిన ప్లాస్టిక్‌ను ఇంధనంగా తీసుకునే సిమెంటు బట్టీలు కూడా క్లోరిన్ ఉందంటే వెనక్కి నెడతాయి, అది బట్టీ లోపల పొరలు కట్టి దారి మూసేస్తుంది. అందుకే ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టు ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: దాన్ని వదలొద్దు. పచ్చదనం మీద ప్రేమతో దాన్ని పారేసి మొక్క కొనడం రెండువైపులా నష్టం. విరిగిన రెమ్మకు తీగ కట్టండి, ఎత్తు తగ్గినా ఫరవాలేదు, మీకు అక్కర్లేకపోతే బడికో ప్రార్థన మందిరానికో ఇవ్వండి. లేనివాళ్లు కొత్తది కొనకపోతే చాలు.

కుండీ మొక్క దగ్గరికొస్తే, అది చాలా పాత వంశానికి చెందింది. అరకేరియాల్లో ఇప్పుడు బతికున్నవి సుమారు 20 జాతులు. వాటిలో 14 జాతులు ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న న్యూ కెలడోనియా అనే చిన్న దీవుల గుంపులో తప్ప సహజంగా ఇంకెక్కడా లేవు. 1774లో కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ ఆ దీవుల వెంట పోతుండగా దూరాన నిలువెత్తు స్తంభాలు కనిపించాయి. ఓడలోని ప్రకృతి శాస్త్రవేత్తలు అవి నల్లరాతి స్తంభాలన్నారు. కుక్ మాత్రం చెట్లేనన్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే కుక్ మాటే నిజమైంది. ఆ దీవికి ఆయన పైన్ల దీవి అని పేరుపెట్టాడు. ఆ చెట్టే ఇప్పుడు కుక్ పైన్, శాస్త్రీయంగా అరకేరియా కాలమ్నారిస్. అదే యాత్రలో కొద్ది వారాల తరవాత నార్‌ఫోక్ దీవిలో దాని దాయాది కనబడింది, అది అరకేరియా హెటరోఫిల్లా. లేతగా ఉన్నప్పుడు ఈ రెండూ ఒకదాన్నుంచి ఒకటి పోల్చుకోవడం కష్టం, నర్సరీల్లో రెండూ ఒకే పేరుతో అమ్ముడుపోతాయి. పెద్దయ్యాక కుక్ పైన్ సన్నగా నిలువు గొట్టంలా సాగుతుంది. నార్‌ఫోక్ పైన్ అడుగున వెడల్పుగా, పైకి పోను కూచిగా ఉంటుంది.

1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్ 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానంగా మారాక దేశదేశాల మొక్కలు ఇక్కడికి చేరాయి. అలా వచ్చినవే మన అరకేరియాలు. 1961లో బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ లాల్‌బాగ్‌కు వచ్చినప్పుడు నాటింది కూడా అరకేరియా మొక్కే. అక్కడి పెద్ద చెట్ల కింద నిలబడి మొదలు నుంచి కొస దాకా చూపు పోనిస్తే, కుక్ పైన్ కాస్త ఒరిగి ఉండటం గమనించవచ్చు. అది గాలి పని అనుకుంటాం. కాలిఫోర్నియా పరిశోధకులు అయిదు ఖండాల్లో 256 కుక్ పైన్ చెట్లను కొలిచి 2017లో ఫలితం ప్రచురించారు. ఉత్తరార్ధగోళంలోని చెట్లు దక్షిణానికి, దక్షిణార్ధగోళంలోనివి ఉత్తరానికి ఒరిగి ఉన్నాయి. అంటే అన్నీ భూమధ్యరేఖ వైపే. సగటు ఒరుగుదల 8.55 డిగ్రీలు, పీసా గోపురం వంపుకి రెట్టింపు. భూమధ్యరేఖకు దూరమయ్యే కొద్దీ వంపు ఎక్కువ. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఇక్కడి చెట్లకు వంపు తక్కువే. ఎండ రాని రోజున దిక్కు తెలియకపోతే లాల్‌బాగ్‌లో కుక్ పైన్‌ను అడగొచ్చు.

ఈ వంశానికి తెలుగు నేలతో చుట్టరికం కూడా ఉంది. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం పాత ఆదిలాబాదు జిల్లా యామనపల్లి దగ్గర గోదావరి లోయ రాళ్లలో దొరికింది. 1988లో పి. యాదగిరి దానికి పేరుపెట్టి లోకానికి చెప్పారు. జురాసిక్ కాలపు శాకాహారి అది. అప్పట్లో ఇండియా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా గోండ్వానా అనే ఒకే భూఖండం. గడ్డి లేదు, పూలమొక్కలు ఇంకా రాలేదు, అరకేరియాల కుటుంబం అడవులు కట్టింది. అంత పెద్ద ఒంటికి ఈ గరుకు ఆకులు ఎలా సరిపోయాయన్నది పెద్ద ప్రశ్న. జర్మన్ పరిశోధకులు 2008లో ఒక ప్రయోగం ప్రచురించారు. రకరకాల పాత వంశపు మొక్కల ఆకులను గొర్రె పొట్టలోని రసంలో నానబెట్టి, పులిసేటప్పుడు వచ్చే వాయువును మూడు రోజుల పాటు కొలిచారు. అరకేరియా ఆకు మొదట్లో చాలా నెమ్మదిగా పులిసింది. ముప్పై గంటలు దాటాక మాత్రం మిగతా చాలావాటిని మించిపోయింది. తిన్నదాన్ని రోజుల తరబడి పొట్టలో ఉంచుకోగల భారీ జంతువుకి అది మంచి మేత. డిసెంబరులో మనం చిన్న బల్బులు చుట్టే మొక్క ఆ అడవుల వారసురాలు.

దాని ఆకారాన్ని చూసే మనం దాన్ని కొంటాం కాబట్టి, ఆ ఆకారం ఎలా వస్తుందో తెలుసుకోవాలి. నడిమి కాండం కొసన ఉన్న మొగ్గ ఒక్కటే పైకి పెరుగుతుంది. కొంత ఎదిగాక ఒకే కణుపు నుంచి నాలుగైదు కొమ్మలు చుట్టూ అడ్డంగా బయల్దేరతాయి. గొడుగులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అంతస్తులు ఏర్పడతాయి. ఇందులో ఒక మొండి నియమం ఉంది. అడ్డంగా పెరగడానికి పుట్టిన కొమ్మ ఎప్పటికీ అడ్డంగానే పెరుగుతుంది. దాన్ని కోసి వేరుగా నాటి వేళ్లు పట్టించినా, ఏళ్లు గడిచినా నేల మీద పాకుతుందే తప్ప నిలబడదు. నూరేళ్లకు పైగా వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని చూసి ఆశ్చర్యపోతూనే ఉన్నారు. అందుకే అరకేరియాను గింజ నుంచో, నడిమి కొస నుంచో పెంచాలి. గింజకు ఆయుష్షు తక్కువ, కొన్ని నెలలకే మొలకెత్తే శక్తి పోతుంది. మొక్క ఖరీదుగా ఉండటానికి ఇదొక కారణం. ఇంటివాళ్లకు ఇందులో ఉన్న హెచ్చరిక ఏమంటే, పైన నక్షత్రం గుచ్చాలని నడిమి మొగ్గను విరిచారా, ఆ మొక్క రూపం పోయినట్టే. అలాగే అడుగు అంతస్తులోని కొమ్మ ఎండి రాలిపోతే, లేత మొక్కకు ఆ చోట మళ్లీ కొమ్మ రాదు.

అడుగు కొమ్మలు రాలేది ఎక్కువగా వెలుతురు లేక. బయట ఎండలో వెలుతురు లక్ష లక్స్ ఉంటుంది. ట్యూబ్ లైటు వేసి మన కళ్లకు బాగా వెలుగ్గా తోచే హాల్లో 300 కూడా ఉండదు. మన కంటిపాప వెడల్పవుతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు. ఆకుకు అలాంటి సదుపాయం లేదు. ఆ మసకలో ఆకు తయారుచేసే చక్కెర కంటే ఊపిరికి ఖర్చయ్యేదే ఎక్కువ. నష్టం మొదట పడేది అడుగున నీడలో ఉన్న కొమ్మల మీద. కాబట్టి మొక్కను పది పన్నెండు రోజులకు మించి హాల్లో ఉంచకూడదు. తూర్పు కిటికీ పక్కన పెడితే మంచిది, ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. పండగయ్యాక ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు మాడుతుంది. వారం రోజులు నీడలో ఉంచి తరవాత ఎండకు అలవాటు చేయాలి. పైమట్టి అంగుళం లోతు ఎండాకే నీళ్లు. ఎల్‌ఈడీ బల్బులు వేడెక్కవు కనుక చుట్టొచ్చు, పాత రకం చిన్న బల్బులు వద్దు. కాగితం, దూది, పూసల వంటి తేలిక సామగ్రే వేలాడదీయాలి. కొమ్మలు మెత్తన, బరువుకి వంగినవి అలాగే ఉండిపోతాయి. కొన్నిచోట్ల మొక్కల మీద వెండిరంగూ మెరుపుపొడీ చల్లి అమ్ముతారు. ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలు దాంతో మూసుకుపోతాయి. అలాంటి మొక్కను ఎంత చవకైనా కొనకండి.

సిద్దాపురలో ఒక నర్సరీ ఆయనను ఇది ఎంత ఎత్తు పెరుగుతుందని అడిగాను. “ఎంతైనా పెరుగుతాదన్నా, కుండీలో పెట్టుకుంటే ఆడికే నిలబడిపోతాది” అన్నాడు. ఆ మాట చాలావరకు నిజం. వేరుకు చోటు లేకపోతే పైన ఎదుగుదల మందగిస్తుంది. రెండు మూడేళ్లకోసారి కాస్త పెద్ద కుండీకి మారుస్తూ బాల్కనీలో ఏడెనిమిదేళ్లు నడపొచ్చు. ఆ ఏడెనిమిది క్రిస్మస్‌లకు ఒకే చెట్టు, ఏటా ఒక అంతస్తో రెండంతస్తులో ఎక్కువ. తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి 800 కిలోమీటర్లు లారీలో వచ్చిన మొక్కయినా ఆ లెక్కలో నెగ్గుతుంది. జనవరిలో చచ్చిపోయి, వచ్చే డిసెంబరులో మళ్లీ కొనే మొక్క నెగ్గదు. ఎండ తగిలే బాల్కనీ లేని ఫ్లాట్లవాళ్లు దీన్ని కొనకపోవడమే దానిమీద ప్రేమ.

కుండీలో పట్టనంత అయ్యాక ఏం చేయాలో కొన్న రోజే ఆలోచించాలి. నేలలో పడ్డాక ఇది 30 మీటర్లు దాటగలదు. బెంగళూరులో 30×40 అడుగుల స్థలాల్లో గేటు పక్కన జంటగా నాటిన అరకేరియాలు కరెంటు తీగలకు తగిలి తలలు నరికించుకోవడం చాలా వీధుల్లో కనిపిస్తుంది. తల పోయిన అరకేరియా ఇక చెట్టులా ఉండదు. అడ్డం వచ్చిందని మొత్తం కొట్టేయాలన్నా, 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. కాబట్టి ఇంటి గోడకు కనీసం ఎనిమిది మీటర్ల దూరం, పైన తీగలు లేని ఆకాశం, నీళ్లు నిలవని నేల, ఈ మూడూ ఉన్న చోటే నాటాలి. అలాంటి చోటు నగరంలో కంటే మన ఊళ్ల చర్చి ఆవరణల్లో, బడి మైదానాల్లో సులువుగా దొరుకుతుంది. దీవుల్లో పుట్టిన చెట్టు కావడం వల్ల ఇసుక నేలకూ ఉప్పు గాలికీ ఇది జంకదు. బాపట్ల, చీరాల వైపు సముద్రపు గాలి తగిలే ఆవరణలు దీనికి బాగా సరిపోతాయి. జూన్ చివర తొలకరి పడ్డాక కుండీ మట్టి చెదరకుండా దించి, మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు నీళ్లు పోయడానికి అక్కడ ఎవరైనా ఒప్పుకున్నాకే మొక్కను పంపాలి.